రద్దీకి తగిన బస్సు: పరిమాణ నిర్ణయంలో గమనించవలసిన అంశాలు

మధ్యాహ్నం నలుగురైదుగురితో సాగే పెద్ద బస్సును చూసి, దాని స్థానంలో మినీ బస్సు నడపాలన్న సూచన తరచు వినవస్తుంది. ఉదయం అదే బస్సు ఫుట్‌బోర్డుపై విద్యార్థులు వేలాడిన సంగతి అప్పుడు ఎవరికీ గుర్తుండదు.

బస్సు పరిమాణాన్ని రోజు మొత్తపు సగటును బట్టి గాక, అత్యధిక రద్దీ గల గంటలో, మార్గంలో ప్రయాణికులు ఎక్కువగా ఉండే చోట లెక్కించిన సంఖ్యను బట్టి నిర్ణయించవలసి ఉంటుంది. ఆర్టీసీ కొలమానమైన ఆక్యుపెన్సీ రేషియో ఒక్కటే ఇందుకు చాలదు. 50 సీట్ల బస్సు ఒక ట్రిప్పులో 75 మందితో, మరో ట్రిప్పులో 25 మందితో చివరి వరకు నడిస్తే సగటు 100 శాతంగా నమోదవుతుంది. కాగితంపై లోపమేమీ కానరాదు.

చిన్న బస్సు వల్ల డీజిల్ వ్యయం, కొనుగోలు ధర తగ్గుతాయి. సిబ్బంది జీతాలు తగ్గవు. రాకపోకలకు గంట పట్టే మార్గంలో, గంటకు 120 మంది ప్రయాణికులుంటే 60 మంది పట్టే బస్సులు రెండు చాలును. 20 మంది పట్టే మినీ బస్సులైతే ఆరు అవసరం. డ్రైవర్లు కూడ ఆరుగురు కావలెను. అయితే 30 నిమిషాలకు బదులు 10 నిమిషాలకొక బస్సు లభిస్తుంది. ఆ సౌకర్యాన్ని విస్మరించి ఖర్చు మాత్రమే చూడటమూ సరికాదు. ఇక మధ్యాహ్నం కోసమే వేరుగా చిన్న బస్సులు కొంటే, ఉదయపు రద్దీకి పెద్ద బస్సు ఎలాగూ ఉండవలసిందే.

ఇరుకు వీధుల్లో, పదిహేను మందికి మించి ఎక్కని గ్రామాల్లో పరిస్థితి వేరు. హైదరాబాదులో సెట్విన్ మినీ బస్సులు ఇటువంటి అవసరాన్నే తీర్చాయి. మారుమూల గ్రామానికి ప్రశ్న పెద్ద బస్సా, చిన్న బస్సా అన్నది కాదు. చిన్న బస్సా, అసలు బస్సే లేకపోవడమా అన్నది. అక్కడ కూడ సంత రోజుకు వేరే ఏర్పాటు తప్పదు.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండి మహిళలకు ఉచిత ప్రయాణం అమలులోకి వచ్చినందున, అంతకు ముందరి లెక్కలపై ఆధారపడి బస్సులు కేటాయించడం తగదు. ఉచిత ప్రయాణానికీ టికెట్ జారీ అవుతున్నందున ఎక్కినవారి వివరాలు యంత్రంలో నమోదవుతాయి. కాగా, బస్సు నిండిపోయి స్టాపులోనే నిలిచిపోయినవారి సంఖ్య ఏ యంత్రంలోనూ ఉండదు. రద్దీ వేళల్లో ముఖ్యమైన స్టాపుల వద్ద సిబ్బందిని నిలిపి, వారిని విడిగా లెక్కించవలసి ఉంటుంది.