డబ్బా వెనుక వైపు

మద్రసా సెలవుల్లో మా మేనల్లుడు హైదరాబాదు నుండి తన కొత్త కారులో వచ్చాడు. కొత్తదంటే అతనికి కొత్తది. వేరొకరు వాడి అమ్మిన టర్బో పెట్రోలు కారు. మూడేళ్ల జీతంలో మిగిల్చుకున్నదంతా దానిలోనే ఉంది. డిక్కీ తెరిచి నిగనిగలాడే ఒక డబ్బా చూపించాడు. "మామూ, ఇది రేసు కార్లకు పోసే ఆయిల్. వేగంగా వెళ్లే బండికి చిక్కటి నూనె కావాలని షెడ్డులో చెప్పారు. రేపు పోయించేస్తాను" అన్నాడు. డబ్బా మీద 10డబ్ల్యూ-60 అని ఉంది.

మేము యంత్రశాస్త్రం చదివినవాళ్లం కాము. అయితే మూలగ్రంథం తెరవకుండా వ్యాఖ్యానాన్ని అంగీకరించని అలవాటు ఏళ్ల తరబడి బోధనలో అబ్బింది. "కారుతో కంపెనీ ఇచ్చిన పుస్తకం ఏది?" అని అడిగాము. సీటు ముందు అరలో, ప్లాస్టిక్ సంచి కూడా విప్పకుండా ఉంది. అందులో ఉన్నది 5డబ్ల్యూ-30.

ఈ అంకెలు అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. 'డబ్ల్యూ' చలికాలానికి గుర్తు. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే నూనె చలిలో అంత సులువుగా కదులుతుంది. వెనుకనున్న అంకె 100 డిగ్రీల సెల్సియస్ వేడిలో దాని చిక్కదనాన్ని తెలుపుతుంది. పొరపాటు ఇక్కడే జరుగుతుంది: 60 అంటే 30 కన్నా రెట్టింపు బలమని అనుకుంటారు. అది చిక్కదనపు కొలతే గాని బలానికి కొలత కాదు. ఇంజన్ లోపల తిరిగే భాగాల మధ్య సందు వెంట్రుకవాసి ఉంటుంది. ఏ నూనె ఆ సందులో ఆగాలో తయారుచేసినవారు ముందే లెక్కగడతారు. అంతకన్నా చిక్కనిది పోస్తే స్టార్టు చేసిన తొలి క్షణాల్లో పైభాగాలకు ఆలస్యంగా చేరుతుంది, ఇంజన్ శక్తి కొంత ఆ నూనెను నెట్టడానికే ఖర్చవుతుంది.

వేగం బండికి చిక్కటి నూనె అన్న మాట పూర్తిగా అబద్ధమూ కాదు. 2000 దశకంలో వచ్చిన బి.ఎం.డబ్ల్యూ. ఎం3 ఇంజన్ నిమిషానికి దాదాపు 8,000 చుట్లు తిరిగేది; దానికి కంపెనీ 10డబ్ల్యూ-60నే నిర్దేశించింది. కాని నిస్సాన్ జి.టి.-ఆర్‌కు 0డబ్ల్యూ-40 కావాలి. 300 అశ్వశక్తిని మించిన హోండా సివిక్ టైప్ ఆర్‌కు 2017లో అమెరికాలో సూచించినది నీళ్లలా పలుచనైన 0డబ్ల్యూ-20. మూడూ వేగం కార్లే, మూడింటికీ మూడు నూనెలు!

టర్బో బండి విషయంలో మరో సంగతి ఉంది. టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, దాని ఒక వైపున మండే పొగ పారుతుంది. ఆ ఇరుసు తేలేదీ చల్లబడేదీ ప్రధానంగా నూనెతోనే. అందుకే ఇలాంటి ఇంజన్‌కు పూర్తి సింథటిక్ నూనె తప్పనిసరిగా చూడాలి. హైవే మీద జోరుగా నడిపి వచ్చి వెంటనే ఇంజన్ ఆపితే లోపలి నూనె మాడి బొగ్గవుతుంది. ఒకటి రెండు నిమిషాలు నిదానంగా తిరగనివ్వాలి.

డబ్బా వెనుక వైపు చిన్న అక్షరాల్లో ఏ.పి.ఐ. తరగతి ఉంటుంది. 2020లో వచ్చిన 'ఎస్.పి.' తరగతి నేరుగా సిలిండర్‌లోకి పెట్రోలు చిమ్మే చిన్న టర్బో ఇంజన్లను దృష్టిలో పెట్టుకున్నది. తక్కువ వేగంలో ఎక్కువ బరువు పడినప్పుడు పెట్రోలు నిప్పురవ్వ రాకముందే అంటుకుని పిస్టన్ పగిలే ప్రమాదం వాటికి ఉంది. యూరపు కార్లకు కంపెనీ సొంత అనుమతి సంఖ్య కూడా సరిపోవాలి. "ఈ కార్లకు తగినది" అని నూనెవాళ్లు రాసుకోవడం వేరు, కారు కంపెనీ అనుమతించడం వేరు.

ఇక ఫిల్టర్. మర బిగిసినంత మాత్రాన ఏ ఫిల్టరైనా సరిపోదు. లోపలి కాగితం మూసుకుపోయినా, నూనె మరీ చిక్కగా ఉన్నా, ఒక కవాటం తెరుచుకుని వడకట్టని నూనెను ఇంజన్‌లోకి వదులుతుంది. అసలు నూనె అందకపోవడం కన్నా అదే నయం. ఆ కవాటం ఎంత ఒత్తిడికి తెరుచుకోవాలో ఇంజన్‌ను బట్టి మారుతుంది. నూనె వెనక్కి జారకుండా ఆపే రబ్బరు పొర మరొకటి. నాసిరకం ఫిల్టర్‌లో అది గట్టిపడితే పొద్దున స్టార్టు చేయగానే గలగల చప్పుడు వినిపిస్తుంది. శక్తి పెంచుతుందంటూ అమ్మే నూనె పూసిన నూలు ఎయిర్ ఫిల్టర్ గురించి కూడా అడిగాడు. మార్పులు చేయని కారులో దాని లాభం స్వల్పం. నూనె ఎక్కువైతే గాలిని కొలిచే సెన్సారు పాడవుతుంది. మన దుమ్ముకు మామూలు కాగితపు ఫిల్టరే మేలని మా అభిప్రాయం.

మర్నాడు షెడ్డుకు మేమూ వెళ్లాము. పాత ఫిల్టర్ విప్పగా దాని రబ్బరు వలయం కనబడలేదు; ఇంజన్‌కే అతుక్కుని ఉంది. దాని మీద కొత్తది బిగించి ఉంటే దారిలో నూనెంతా కారిపోయేది. మెకానిక్ దాన్ని గోటితో ఊడదీసి, కొత్త వలయానికి వేలితో కాస్త నూనె రాసి, చేత్తోనే బిగించాడు. "మౌల్వీ సాబ్, పానా వద్దు" అన్నాడు. 5డబ్ల్యూ-30 పోశాక డిప్‌స్టిక్ మీద రెండు గీతల మధ్య చూసుకున్నాము. ఖాళీ డబ్బాలో ఎవరూ నకిలీ నూనె నింపకుండా మేనల్లుడు దానికి మేకుతో చిల్లులు పొడిచాడు. దుమ్ములో, చిన్న చిన్న ప్రయాణాలకు తిరిగే బండికి పుస్తకంలో వేరే పట్టిక ఉంది, గడువు తక్కువ. దాని ప్రకారమే తర్వాతి తేదీ రాసి, బిల్లును అదే పేజీలో పెట్టాడు.

10డబ్ల్యూ-60 డబ్బాను దుకాణం వాపసు తీసుకోలేదు. సీలు విప్పకుండానే మా ఇంటి అటక మీద ఉంది.