కంప్యూటరుకు నాడి చూడటం ఎలా?

బాలలారా! మీకు జ్వరం వస్తే వైద్యుడు రాగానే మందు పోయడు గదా? ముందు నాడి చూస్తాడు, నాలుక చూస్తాడు, "ఎప్పటినుంచి?" అని అడుగుతాడు. కంప్యూటరుకు జబ్బు చేసినా పద్ధతి అదే.

నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న బడిలో ఒకే ఒక కంప్యూటరు ఉండేది. ఒకనాడు మీట నొక్కితే లోపలి పంకా తిరిగింది గాని, తెర వెలగలేదు. "కీ! కీ! కీ!" మని కూత మాత్రం వినిపించింది. బాగుచేసే అతను వచ్చి, "మదర్‌బోర్డు పోయింది. కొత్తది కొనాలి," అన్నాడు. బడిలో అంత డబ్బు లేదు. పిల్లల ముఖాలు చిన్నబోయాయి.

అప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, "మాస్టారూ, అది ఊరికే అరవదు గదండీ! ఎందుకు అరుస్తోందో చూద్దామండీ," అన్నది.

ఆ పిల్ల మాట నిజం. కంప్యూటరు మేలుకోగానే తన అవయవాలను తానే పరీక్షించుకుంటుంది. తెర వెలగకముందే లోపం కనిపిస్తే, చాలా కంప్యూటర్లు కూతలతో చెబుతాయి. ఎన్ని కూతలకు ఏ లోపమో దానితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. మా పుస్తకం వెతికితే, లోపం ర్యామ్‌లో అని తేలింది. ర్యామ్ అంటే కంప్యూటరు పనిచేసేటప్పుడు విషయాలను గుర్తుంచుకునే పలక.

ప్లగ్గు తీసి, ఆ పలకను ఊడదీసి, బంగారు రంగు అంచును పొడిగుడ్డతో తుడిచి, మళ్ళీ గట్టిగా బిగించాము. తెర వెలిగింది! ఖర్చు కానీ కూడా లేదు.

మరికొన్ని లక్షణాలు చెబుతాను, వినండి. అసలు చలనమే లేకపోతే గోడమీది స్విచ్చి దగ్గర మొదలుపెట్టి, తీగ వెంట రండి. కాసేపు పనిచేసి ఆగిపోతుంటే, పంకాలో దుమ్ము చేరి వేడి ఎక్కుతున్నదేమో చూడండి. ఆపిన ప్రతిసారీ తేదీ మరచిపోతుంటే, లోపల నాణెంలాంటి 3 వోల్టుల బ్యాటరీ అయిపోయి ఉంటుంది. హార్డు డిస్కు టకటకమంటే, ముందు మీ పాఠాలు, ఫోటోలు వేరేచోట దాచుకోండి.

ఒకసారి ఒక్కటే మార్చి చూడాలి. రెండు కలిపి మారిస్తే, దేనివల్ల బాగయిందో తెలియదు.

1947లో అమెరికాలోని హార్వర్డు మార్క్ 2 కంప్యూటరులో లోపం వెతికినవారికి, లోపల చిక్కుకున్న రెక్కల పురుగు దొరికింది! ఓపికగా చూశారు గనకనే దొరికింది.

పెట్టె తెరిచేటప్పుడు పెద్దవాళ్ళు పక్కన ఉండాలి సుమా! కరెంటు అందించే పవర్ సప్లై డబ్బాను మాత్రం ఎన్నడూ విప్పకండి. ప్లగ్గు తీసినా దానిలో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. అది ప్రాణానికే ముప్పు.