పక్క కుర్చీలోని పెద్దాయన

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు సెలవులకు హుఫూఫ్ వస్తే కాలేజీ బాస్కెట్‌బాల్ కబుర్లు తప్పవు. అక్కడి కొన్ని జట్లలో ప్రధాన కోచ్ పక్కన ఒక తల నెరిసిన పెద్దాయన కూర్చుంటారట. ఈల ఊదరు, కేకలు వేయరు. మరి ఆయనెందుకని పిల్లల సందేహం.

టెక్స్ వింటర్ గారి సంగతి చూడండి. 1953 నుంచి 1968 దాకా కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం జట్టుకు ఆయనే ప్రధాన కోచ్. ముగ్గురు ఆటగాళ్లు త్రికోణంలా నిలబడి బంతిని నడిపే పద్ధతి మీద 1962లోనే పుస్తకం రాశారు. 1985లో, 63వ ఏట, షికాగో బుల్స్ జట్టులో సహాయకుడిగా చేరారు. ఆయనకంటే 23 ఏళ్లు చిన్నవాడైన ఫిల్ జాక్సన్ 1989లో ప్రధాన కోచ్ అయి ఆ పద్ధతినే అమలు చేశాడు. 1991-98 మధ్య ఆ జట్టు ఆరుసార్లు ఛాంపియన్ అయింది. జట్టు కంటే నువ్వు గొప్పకాదని మైకేల్ జోర్డాన్ అంతటివాడినీ వింటర్ గారు మందలించారు. 2009లో సన్మాన సభలో జోర్డానే ఆ మాట తలుచుకున్నాడు. పై కుర్చీ మీద ఆశ లేనివారికి మొహమాటమూ ఉండదు.

అంత దూరం ఎందుకు? మన హైదరాబాదులో ఎస్.ఎం. ఆరిఫ్ గారు లేరా? ఆయన దగ్గర బ్యాడ్మింటన్ నేర్చిన గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. తర్వాత తానే గురువయ్యాడు. ఆయన శిక్షణలో సైనా 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం, సింధు 2016 రియోలో రజతం తెచ్చారు. పెద్దాయన దగ్గరి విద్య అలా చేతులు మారుతూ వచ్చింది.

వైద్యులం గనుక మాకిది కొత్త కాదు. కత్తి పట్టడం కుర్ర సర్జనుకూ వస్తుంది. ఎప్పుడు పట్టకూడదో చెప్పడానికి పక్కన పెద్ద సర్జను ఉండాలి.

మరి మన సంఘం మాటేమిటి? ఇక్కడ ఉద్యోగం అయిపోతే ఫైనల్ ఎగ్జిటే. ఇరవై ఏళ్లు ఈ ఊళ్లో కాపురం చేసిన పెద్దలకు విందు పెట్టి, శాలువా కప్పి, ఫోటో తీసి విమానం ఎక్కిస్తున్నాం. కాంట్రాక్టులో ఏం చూసుకోవాలి, పిల్లల్ని పన్నెండు తర్వాత ఎక్కడికి పంపాలి, ఊళ్లో అమ్మానాన్నలకు జబ్బు చేస్తే ఏం చేయాలి, ఇవన్నీ వారు పడి నేర్చుకున్నవి. అవీ వారితోపాటే వెళ్లిపోతున్నాయి. కొత్తగా దిగిన కుటుంబం మళ్లీ ఓనమాల దగ్గర మొదలుపెడుతోంది.

మా మనవి ఒక్కటే. నెలకో శుక్రవారం సాయంత్రం ఒక పెద్దాయననో, పెద్దమ్మనో కూర్చోబెట్టుకుని కొత్తవాళ్లం అడిగి తెలుసుకుందాం. శాలువా తర్వాత కప్పవచ్చు.