కంప్యూటర్‌లో మరో కంప్యూటర్ - చూపు లేనివారి కోసం



కంప్యూటర్ గురించి రేడియోలో ప్రసంగం ఏమిటి, తెర చూపించకుండా ఎలా చెబుతారు అని మీలో కొందరికి అనిపించవచ్చు. పుస్తకాల్లోనైతే "ఇదిగో ఈ ఆకుపచ్చ బొత్తం నొక్కండి, ఆ మూలనున్న బాణం నొక్కండి" అని బొమ్మ వేసి చూపిస్తారు. రేడియోలో ఆ వీలు లేదు. కానీ ఈ రోజు మనం మాట్లాడుకోబోయే విషయానికి రేడియోయే సరైన చోటు. చూపు లేనివారు కంప్యూటర్ వాడేది, ఇప్పుడు మీరు నా మాట వింటున్నట్టే, చెవులతో. చేతి కింద మీటలు, చెవిలో మాట. ఈ రెంటితో చెప్పలేని సూచన వారికి పనికిరాదు.

కిందటేడు మా కౌల్ బజార్‌లో నా పాత విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. పుట్టుకతో చూపు లేదు. ఇంట్లోవాళ్ళది జీన్స్ ప్యాంట్లు కుట్టే పని. తను డిగ్రీ పూర్తి చేశాడు. ఎవరో వాడి అమ్మిన లాప్‌టాప్ ఒకటి కొనుక్కున్నాడు. అందులో విండోస్, దానికి తోడు ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉన్నాయి. స్క్రీన్ రీడర్ అంటే తెర మీది అక్షరాలను, మనం నొక్కిన మీటలను పైకి చదివి వినిపించే ప్రోగ్రాం. ఈ ఎన్‌వీడీఏను 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే యువకుడు మొదలుపెట్టాడు. ఆయనకూ చూపు లేదు. ఇది ఉచితంగా దొరుకుతుంది.

కుర్రవాడికి లినక్స్ నేర్చుకోవాలని ఉంది. పెద్ద కంపెనీల సర్వర్లు ఎక్కువగా లినక్స్ మీదే నడుస్తాయి కాబట్టి, అది వస్తే ఉద్యోగానికి దారి దొరుకుతుందని ఆశ. ఊళ్ళో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రానికి వెళితే, "చూడకుండా ఇది కుదరదప్పా" అన్నారట. ఈ మాట మనవాళ్ళకు కొత్త కాదు. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లాకు పదో తరగతి తర్వాత సైన్సు చదవడానికి వీల్లేదన్నారు. ఆయన కోర్టుకు వెళ్ళి అనుమతి తెచ్చుకుని, చదివి, అమెరికాలోని ఎంఐటీ దాకా వెళ్ళారు. అందరూ కోర్టుకు వెళ్ళలేరు కదా. మావాడు నా దగ్గరికి వచ్చాడు.

"సార్, విండోస్ తీసేసి లినక్స్ వేసుకుందామంటే భయమైతుంది. మధ్యలో ఏమన్నా అయి ఇది మూగబోతే నేనెట్ల సార్?" అన్నాడు.

ఆ భయం చిన్నది కాదు. చూపున్నవారికి ఏదైనా తప్పు జరిగితే తెర మీద ఎర్ర అక్షరాలు కనిపిస్తాయి. చూపు లేనివారికి వినిపించేది నిశ్శబ్దం. కంప్యూటర్ పని చేసుకుంటోందా, మన జవాబు కోసం కాచుకుని ఉందా, అసలు చచ్చిపోయిందా - మూడింటికీ అదే నిశ్శబ్దం. పైగా అతనికి ఉన్నది ఒక్కటే యంత్రం. ఉత్తరాలు, ఉద్యోగాల దరఖాస్తులు, చదువు, అన్నీ అందులోనే.

దీనికి ఉపాయం వర్చువల్ మెషీన్. మనం మిద్దె మీద ఒక గది కట్టి అద్దెకు ఇస్తాం. ఆ గదికి వేరే తలుపు, వేరే పొయ్యి, వేరే తాళం. నీళ్ళు, కరెంటు మాత్రం మన ఇంటివే. అద్దెకున్నవారు గోడకు మేకులు కొట్టుకున్నా కింద మన వంటిల్లు చెడదు. అలాగే విండోస్ నడుస్తున్న కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాం పెట్టుకుంటే, అది తన లోపల మరో కంప్యూటర్‌ను సృష్టిస్తుంది. అసలు యంత్రంలోని మెమరీలో కొంత వాటా తీసుకుంటుంది. దాని హార్డ్ డిస్క్ అంటే మన డిస్క్‌లో ఒక పెద్ద ఫైలు, అంతే. లోపలి డిస్క్‌ను పూర్తిగా చెరిపేసినా చెరిగేది ఆ ఫైలు వరకే. బయట ఎన్‌వీడీఏ మాట్లాడుతూనే ఉంటుంది. ఇలాంటి ప్రోగ్రాములలో వర్చువల్‌బాక్స్ ఒకటి. 2007లో ఇన్నోటెక్ అనే జర్మన్ కంపెనీ విడుదల చేసింది. తర్వాత సన్ మైక్రోసిస్టమ్స్ చేతికి, 2010లో ఆరకిల్ చేతికి వచ్చింది. ఇదీ ఉచితమే.

మరి లినక్స్ మాట్లాడుతుందా అంటే, ఎప్పటి నుంచో మాట్లాడుతోంది. పద్నాలుగో ఏట గ్లకోమాతో చూపు పోయిన టి.వి. రామన్, ఐఐటీ బొంబాయిలోనూ అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలోనూ చదువుకుని, 1995లోనే ఈమాక్‌స్పీక్ అనే మాట్లాడే వ్యవస్థను విడుదల చేశారు. జర్మనీలో క్లాస్ నాపర్ అనే ఇంజనీరు చూపు లేని తన భార్య కోసం తన నాపిక్స్ లినక్స్‌లో ఒక మాట్లాడే భాగం తయారుచేసి, దానికి ఆవిడ పేరే, ఏడ్రియాన్ అని పెట్టాడు. నేడు బొమ్మల తెర మీద ఎక్కువమంది వాడేది ఓర్కా అనే స్క్రీన్ రీడర్. అయితే నా దృష్టిలో అసలు మేలు మరోచోట ఉంది. లినక్స్‌లో చాలా పనులు బొమ్మలు లేకుండా, వరుసగా ఆజ్ఞలు టైపు చేసి చేసుకోవచ్చు. జవాబు కూడా వరుసగా అక్షరాల్లోనే వస్తుంది. చెవికి అంతకంటే అనువైనది ఏముంది? శిక్షణ కేంద్రం వారు ఈ సంగతి ఆలోచించలేదు.

ఇక పని ఎలా చేశామో చెబుతాను.

లినక్స్‌లలో డెబియన్ అనే రకాన్ని ఎంచుకున్నాం. దాని చిన్న స్థాపన ఫైలు ఒక గిగాబైటు లోపే ఉంటుంది. మిగతాది ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. లాప్‌టాప్‌లో ఎనిమిది గిగాబైట్ల మెమరీ ఉంది, నాలుగు లోపలి యంత్రానికి ఇచ్చాం. డిస్క్‌కు ఇరవై ఐదు గిగాబైట్లు.

ముందే చూసుకోవలసిన సంగతి ఒకటి. ప్రాసెసర్‌లో వర్చువలైజేషన్ అనే సదుపాయం తెరిచి ఉండాలి. విండోస్ టాస్క్ మేనేజర్‌లో పనితీరు విభాగంలో అది ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. లేకపోతే యంత్రం మొదలయ్యేటప్పుడు వచ్చే బయోస్ అమరికల్లోకి వెళ్ళి తెరవాలి. అక్కడ ఏ స్క్రీన్ రీడరూ పలకదు. ఈ మొత్తం పనిలో చూపున్న మనిషి సాయం తప్పనిసరి అయ్యే చోటు అదొక్కటే. రెండు నిమిషాల పని. అన్నో చెల్లెలో పక్కింటివారో చేసిపెట్టగలరు. మావాడికి ఆ అవసరం పడలేదు.

మొదటిసారి మేము తప్పు చేశాం, తప్పు నాదే. కొత్త వర్చువల్‌బాక్స్‌లో స్థాపన ఫైలు చూపించగానే, ప్రశ్నలన్నిటికీ తనే జవాబు చెప్పుకుని లినక్స్‌ను తనే వేసేసే పద్ధతి ఒకటి ఉంది. బాగుంది కదా అని వదిలేశాను. అరగంట తర్వాత లినక్స్ వచ్చింది, మూగగా. మాట కావాలని దానికి ఎవరూ చెప్పలేదు. అతను నోరు తెరిచి ఏమీ అనలేదు గానీ ముఖం చిన్నబోయింది. నిజమైన లాప్‌టాప్ మీద ఇదే జరిగి ఉంటే? ఇక్కడ ఆ యంత్రాన్ని తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టడానికి ఐదు నిమిషాలు చాలింది.

రెండోసారి ఆ స్వయంచాలక స్థాపన వద్దని గుర్తు పెట్టాం. ధ్వని అమరికల్లో ఆడియో అవుట్‌పుట్ తెరిచి ఉందని చూసుకున్నాం. లోపలి యంత్రం మొదలుపెట్టాం. డెబియన్ మొదటి పట్టీ వచ్చినప్పుడు మామూలు కంప్యూటర్‌లో బీప్ మని చిన్న శబ్దం వస్తుంది. వర్చువల్ యంత్రంలో అది వినిపించకపోవచ్చు. కొన్ని సెకండ్లు ఆగి, ఎస్ అక్షరం నొక్కి, ఎంటర్ నొక్కాలి. ఎస్ అంటే స్పీచ్. ఈ రెండు మీటలు గుర్తుంటే చాలు. కొద్దిసేపటికి లోపలి నుంచి ఇంగ్లీషులో గొంతు మొదలైంది. మావాడు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "పలుకుతాంది సార్!"

అక్కడి నుంచి నేను కుర్చీ వెనక్కి జరిపాను. ప్రశ్న వినిపిస్తుంది, జవాబులకు వరుస సంఖ్యలు ఉంటాయి, కావలసిన సంఖ్య టైపు చేసి ఎంటర్ కొట్టడమే. గొంతు మరీ నెమ్మదిగా ఉంటే క్యాప్స్ లాక్ పట్టుకుని ఆరు నొక్కితే వేగం పెరుగుతుంది, ఐదు నొక్కితే తగ్గుతుంది. చూపు లేనివారు వినే వేగం మనకు ఒక్క ముక్క అర్థం కాదు. అతను ఆరు అంకెను టకటకా కొట్టుకుంటూ పోతుంటే ఏమడుగుతోందో నాకే తెలియలేదు.

కాస్త ఆగి వినవలసిన చోట్లు రెండు. డిస్క్ మీద మార్పులు రాయమంటారా అని అడిగే చోట, ముందుగా పెట్టి ఉండే జవాబు వద్దు అనే ఉంటుంది. ఊరికే ఎంటర్ కొడితే పని ముందుకు సాగదు, అవును అనే సంఖ్య ఇవ్వాలి. చివర్లో యంత్రాన్ని మొదలుపెట్టే గ్రబ్ అనే ప్రోగ్రాం ఏ డిస్క్ మీద పెట్టాలని అడిగితే, అక్కడా డిస్క్ పేరు పలికిన సంఖ్యనే ఎంచుకోవాలి. ఇలా మాటతో స్థాపన చేస్తే, వేసిన తర్వాత లినక్స్ కూడా మాటతోనే లేస్తుంది. ఎప్పుడైనా ఓర్కా ఆగిపోతే, గ్నోమ్ తెర మీద ఆల్ట్, సూపర్, ఎస్ మూడూ కలిపి నొక్కితే మళ్ళీ మొదలవుతుంది. సూపర్ అంటే విండోస్ గుర్తున్న మీట.

ఒక చిక్కు చెప్పాలి. బయట ఎన్‌వీడీఏ, లోపల ఓర్కా - రెండూ ఒకేసారి మాట్లాడితే సంతలో నిలబడ్డట్టు ఉంటుంది. పైగా రెండూ ఇన్సర్ట్ మీటనే తమ మీటగా వాడుకుంటాయి. వర్చువల్‌బాక్స్ కిటికీలో ఉన్నప్పుడు ఎన్‌వీడీఏ మీటతో షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కితే ఎన్‌వీడీఏ అక్కడి వరకు నిద్రపోతుంది. లాప్‌టాప్ అమరిక పెట్టుకున్నవారు ఎస్‌కు బదులు జెడ్ నొక్కాలి. లోపలి నుంచి బయటికి రావడానికి కుడివైపు కంట్రోల్ మీట. ఎక్కడ ఉన్నామో మరిచిపోకుండా మావాడు బయట ఆడ గొంతు, లోపల మగ గొంతు పెట్టుకున్నాడు. ఆ ఆలోచన నాకు తట్టలేదు.

ఇక మన సరిహద్దు జిల్లా సంగతి. ఇంట్లో తెలుగు, ఆఫీసు కాగితం కన్నడం, కంప్యూటర్ ఇంగ్లీషు. లినక్స్‌లో ఈస్పీక్ అనే ఉచిత గొంతు మూడు భాషలూ పలుకుతుంది. తెలుగు పలికేటప్పుడు రేకుడబ్బాలోంచి మాట్లాడినట్టుంటుంది, ఒప్పుకుంటాను. కానీ వేగం పెంచినా మాట చెదరదు. ఓర్కా అమరికలు ఇన్సర్ట్, స్పేస్ నొక్కితే తెరుచుకుంటాయి. అక్కడ ఒక్కో భాషకు ఒక్కో ప్రొఫైల్ పెట్టుకోవచ్చు. ఇంగ్లీషు గొంతు పెట్టి తెలుగు ఉత్తరం చదివిస్తే ప్రయోజనం లేదు. బ్రెయిల్ వచ్చినవారికి ఇంకో సౌలభ్యం ఉంది. భారతి బ్రెయిల్‌లో తెలుగు 'క'కూ కన్నడ 'క'కూ ఒకటే చుక్కలు, ఒకటీ మూడూ. మనం కళ్ళతో రెండు లిపులు నేర్చుకోవాలి, వారి వేళ్ళకు ఒకటే లిపి. బళ్ళారి బడిలో రెండు భాషలూ బోధించే నాకు ఇది తెలిసిన రోజున కొంచెం అసూయ కలిగింది.

చివరిగా స్నాప్‌షాట్. లోపలి యంత్రం బాగా నడుస్తున్నప్పుడు దాని స్థితిని ఉన్నదున్నట్టు దాచిపెట్టే సదుపాయం ఇది. కొత్త వెర్షన్ ఎక్కించినప్పుడో, ధ్వని అమరికలు మార్చినప్పుడో గొంతు పోతే, బయటి నుంచి ఎన్‌వీడీఏ సాయంతో ఆ పాత స్థితికి తిరిగి వెళ్ళవచ్చు. ఇది తప్పక నేర్చుకోండి. మావాడు ఆరు నెలల్లో లినక్స్‌ను ఏడుసార్లు పాడుచేసి ఏడుసార్లు తనే బాగుచేసుకున్నాడు. కిందటి నెల హొసపేటెలో ఉండే తన స్నేహితుడికి, అతనికీ చూపు లేదు, ఫోన్లోనే కన్నడంలో చెబుతూ ఇదంతా వేయించాడు. ఎస్ నొక్కు, ఎంటర్ కొట్టు, ఆగు, విను. ఇద్దరిలో ఎవరికీ తెర అవసరం రాలేదు.