కొత్త ఇంటికి పాత చెట్టు

వైశాఖంలో గృహప్రవేశం పెట్టుకున్న నూజివీడు వాళ్లకు పని రెట్టింపు. ఇటు ముహూర్తం, అటు కోతలు. పంతులుగారు దొరకడం ఒక ఎత్తయితే, చిక్కం పట్టి కాయ దించే మనుషులు దొరకడం ఇంకో ఎత్తు. మూఢం అడ్డం పడితే ముహూర్తాలు ఉండవు, ఆషాఢం వచ్చిందంటే శూన్యమాసం. రసాలు, బంగినపల్లి కూడా ఏప్రిల్‌లో మొదలై జూన్‌తో సర్దుకుంటాయి. అందుకే ఈ చుట్టుపక్కల చాలా కొత్త ఇళ్లలో వంటగదిలో పాలు పొంగే వేళకు పక్క గదిలో కాయలు మాగుతుంటాయి. వచ్చిన చుట్టాలకు పసుపు కుంకుమ, జాకెట్టు గుడ్డతో పాటు సంచీలో నాలుగు రసాలు పెట్టకుండా సాగనంపితే ఇంటి ఇల్లాలికి మనసొప్పదు.

2022 ఏప్రిల్ 4న నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. శుభలేఖల మీద జిల్లా పేరు మారింది గానీ శుభలేఖతో పాటు కాయలు పంపే అలవాటు మారలేదు.

ముహూర్తం ముచ్చట ఒక్క పూటది. ఈ కథనం ఆ తర్వాతి ఏడాది గురించి. షామియానా విప్పేసి, కుర్చీలు లెక్కపెట్టి బండికెత్తాక, రంగుల వాసన ఇంకా పోని ఇంట్లో ఆ కుటుంబం తన చేతులతో తాను చేసుకునే పనుల గురించి. పాత ఇంటి నుంచి బీరువాలు, మంచాలు లారీలో వస్తాయి. పాత ఇంటి రుచి, నీడ మాత్రం లారీలో రావు. వాటిని చేత్తో తెచ్చుకోవాలి. మామిడి ఊళ్లో పుట్టినవాళ్లకు ఆ విద్య తెలుసు.

మొదటి పని తోరణం. సింహద్వారం ఎత్తిన నాడే గుమ్మానికి మామిడాకు పడుతుంది, గృహప్రవేశానికి ఇంటినిండా పడుతుంది. ఆకు ఎంచుకోవడంలోనే ఉంది పనితనమంతా. రాగిరంగు లేత చిగురు చూడ్డానికి బాగుంటుంది గానీ ఎండ తగిలితే గంటలో వేలాడిపోతుంది. బాగా ముదిరి పెళుసెక్కిన ఆకు మడిస్తే విరుగుతుంది. ముదురాకుపచ్చ తిరిగి, వంచితే వంగే ఆకు కావాలి. దాని మీది మైనపు పొర తడిని పట్టి ఉంచుతుంది కనుక రెండు మూడు రోజులైనా ముడుచుకోదు. కొబ్బరి ఈనెపుల్లతో ఆకు కాడ దగ్గర గుచ్చి, పురికొసకు వరసగా తగిలించడం పిల్లలకు అప్పజెప్పాల్సిన పని. వంకర టింకరగా వచ్చినా ఫర్వాలేదు. కోసి పారేసిన కొమ్మ ఎక్కడ చూసినా కనిపించే ఈ ఊళ్లో కూడా గుమ్మాలకు ప్లాస్టిక్ తోరణాలు కనిపిస్తున్నాయి. ఏడాది పొడుగునా అదే పచ్చగా, దుమ్ము పట్టి వేలాడుతుంటే చూసిన ప్రాణం ఉసూరుమంటుంది.

రెండో పని జాడీ.

కొత్త వంటింట్లో తొలి ఆవకాయ పెట్టే రోజు గృహప్రవేశానికి తక్కువ పండగేం కాదు. పచ్చడికి పళ్ల కాయ పనికిరాదు. పులుపుండాలి, కండ గట్టిగా ఉండాలి, టెంక ముదిరి ఉండాలి. అందుకే జలాలు లాంటి కాయ కోసం తెల్లవారుజామునే బయల్దేరతారు. తెచ్చిన కాయను నీళ్లలో నానబెట్టి, సొన పోయేలా కడిగి, పొడిగుడ్డతో ఒక్కోటీ తుడిచి ఆరబెట్టాలి. బజార్లో కొట్టించుకుంటే అరగంట పని. ఇంట్లో కొడితే పూట పడుతుంది. కానీ ఆ పూటలోనే ఇల్లంతా ఒకచోట కూర్చుంటుంది. ఒకరు కత్తి కింద కాయ పెడతారు, ఒకరు టెంకలోని జీడి తీస్తారు, ఒకరు ముక్కకు అంటిన పొర గీకుతారు. మాడ్యులర్ కిచెన్‌లో ఇంత పెద్ద కత్తిపీటకు చోటు ఎవరూ గీయరు. హాల్లో గోనెపట్టా పరిచి కూర్చోవడమే. "తడి చెయ్యి పెట్టకే తల్లీ, బూజు పడుతుంది!" అని అమ్మమ్మ వేసే కేక ఆ రోజు ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది.

ఎక్కువమంది చెప్పే లెక్క ఇది: నాలుగు గిన్నెల ముక్కలకు గిన్నె ఆవపిండి, గిన్నె కారం, గిన్నెకు కాస్త తక్కువగా ఉప్పు, గుప్పెడు మెంతులు, ఇష్టమైతే వెల్లుల్లి రెబ్బలు, ముక్క మునిగేలా నువ్వులనూనె. ఉప్పు ముక్కలోంచి నీరు లాగుతుంది. మూడో రోజు తిరగ కలిపేటప్పటికి ఊట దిగి, నూనె పైకి తేలి గాలి తగలకుండా కప్పేస్తుంది. ఏడాది నిలవుండే రహస్యమంతా ఆ రెండిట్లోనే ఉంది. అమ్మ చేతి కొలత కాగితం మీదికి రాదు కాబట్టి, కొత్త ఇంట్లో మొదటి ఏడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఆమె గుప్పిట చూసి నేర్చుకోవాల్సిందే. అత్తగారి లెక్క ఇంకోలా ఉంటే రెండు జాడీలు పెట్టుకోవడం మంచిది.

కలిపిన బేసిన్ కడగరు. అందులోనే వేడివేడి అన్నం వేసి, అంచులకు అంటిన కారం, నూనె తుడిచి కలిపి, చుట్టూ కూర్చున్నవాళ్లందరి చేతిలో తలా ఒక ముద్ద పెడతారు. ముక్క ఇంకా ఊరలేదు, పిండి ఘాటు ముక్కుకెక్కుతుంది, కళ్లవెంట నీళ్లు కారతాయి. అయినా రెండో ముద్దకు చెయ్యి చాస్తారు. డైనింగ్ టేబుల్ ఎంత ఖరీదైనదైనా ఆ రోజు భోజనం నేల మీదే.

మాగబెట్టడం మూడోది. ఇంటి ప్లానులో స్టోర్‌రూమ్ తీసేసి బాత్‌రూమ్ కలుపుకునే రోజులివి. నా మాట వింటే, తోట ఉన్నా లేకపోయినా, గాలి తగిలే చీకటి మూల ఒకటి ఉంచుకోండి. తొడిమ వేలెడు ఉండేలా కోసిన కాయను బోర్లించి సొన కార్చి, నేల మీద వరిగడ్డి పరిచి, ఒక వరస కాయ, ఒక వరస గడ్డి వేస్తే చాలు. కాయ తనంతట తానే ఎథిలీన్ అనే వాయువు వదులుతుంది. గడ్డి ఆ వాయువునూ వెచ్చదనాన్నీ పట్టి ఉంచుతుంది, అంతే. కాయ పక్వానికి వచ్చిందో లేదో తెలియాలంటే తొడిమ దగ్గర చూడాలి. భుజాలు ఎత్తుకుని తొడిమ గుంటలోకి దిగితే వచ్చినట్టు. నీళ్ల బకెట్లో వేస్తే పక్వమైంది మునుగుతుంది, లేతది తేలుతుంది. బజార్లో పైకి పసుపు తిరిగి లోపల పుల్లగా, తెల్లగా ఉండే పండు వెనక చాలాసార్లు కాల్షియం కార్బైడ్ ఉంటుంది. దానితో పండ్లు మాగబెట్టడం మన దేశంలో నిషేధం. ఎథిలీన్ గ్యాస్‌ను 100 పీపీఎం వరకు వాడుకోవడానికి ఆహార భద్రతా సంస్థ 2016లో అనుమతిచ్చింది. ఇంట్లో గడ్డి ఉన్నవాళ్లకు ఈ రెండిటి ఊసూ అక్కర్లేదు. రాత్రి లైటు తీసేశాక కూడా ఆ గది ఎటుందో వాసనే చెబుతుంది. పిల్లలు దొంగతనంగా వెళ్లి ఒక్కో పండూ నొక్కి చూసి మెత్తబడినవాటిని ముందే పంచేసుకుంటారు. అదీ గృహప్రవేశ సంబరమే.

ఇక అసలు పని.

పాత ఇంటి పెరట్లో తాతగారు వేసిన చిన్నరసం చెట్టు ఉంటుంది. అన్నదమ్ములు విడిపోయి, ఒకరు కొత్త ఇల్లు కట్టుకుని వెళ్లిపోతారు. ఆ చెట్టు కాయే కావాలి, ఆ తీపే కావాలి. చాలామంది ఆ పండు తిని టెంక తెచ్చి పెరట్లో పాతిపెడతారు. మొక్క వస్తుంది, చెట్టవుతుంది, ఏళ్లు గడిచాక కాసిన కాయ నోట్లో పెట్టుకుంటే ఆ రుచి ఉండదు. తప్పు వాళ్లది కాదు. మన దేశవాళీ రకాల్లో ఎక్కువభాగం టెంకలో ఒకే పిండం ఉంటుంది. అది తల్లి చెట్టు అండం, తరచు ఇంకో చెట్టు పుప్పొడి కలిసి పుట్టింది కనుక తల్లి గుణం అచ్చుగుద్దినట్టు రాదు. అదే చెట్టు కావాలంటే అంటు కట్టాలి. అంటు మొక్కలో పెరిగేది తాతగారి చెట్టు కొమ్మే. పిల్ల మొక్క కాదు, అదే చెట్టు ఇంకో చోట.

నర్సరీకి వెళ్తే కట్టిన అంటు దొరుకుతుంది. నూజివీడులో మామిడి పరిశోధన స్థానమే ఉంది, మంచి తల్లి చెట్ల సంగతి అక్కడ అడగొచ్చు. కానీ మన పెరటి చెట్టు అంటు నర్సరీలో ఉండదు. అది మనమే కట్టుకోవాలి. అనుకున్నంత కష్టం కాదు.

జూన్‌లో ఏ రకం పండైనా సరే, తిన్న టెంకల్ని ఎండబెట్టి దాచకుండా కడిగి వెంటనే ఇసుక కలిపిన మట్టిలో పెట్టాలి. నెల దాటితే మామిడి టెంకలో జీవం నిలవదు. పై పెంకు కత్తెరతో జాగ్రత్తగా విప్పి లోపలి పప్పు పాతితే మొలక నిటారుగా, త్వరగా వస్తుంది. మొలక రాగిరంగులో, కాండం ఇంకా లేతగా ఉన్న పది పదిహేను రోజుల ప్రాయమే అదును. ఈలోగా పాత చెట్టు మీద పెన్సిల్ లావున్న కొమ్మ చివరలు నాలుగైదు ఎంచుకుని ఆకులు తుంచేసి కాడలు ఉంచితే, వారం పది రోజుల్లో కాడలు రాలి చివరి మొగ్గ ఉబ్బుతుంది. అప్పుడా పుల్లను జానెడు పొడవు కోసి, తడిగుడ్డలో చుట్టి కొత్త ఇంటికి తేవాలి. మొలకను టెంక పైన రెండు మూడు అంగుళాల దగ్గర తలకోసి, నిలువుగా చీల్చి, పుల్ల మొదలును రెండువైపులా ఆప్పులా చెక్కి ఆ చీలికలో దించి, ప్లాస్టిక్ పట్టీతో గాలి దూరకుండా బిగించి కడతారు. పదునైన బ్లేడు, వణకని చెయ్యి, తేమ నిండిన జూలై గాలి ఉంటే చాలు. అన్నీ బతకవు. పది కడితే కొన్ని ఎండిపోతాయి, అందుకే పది కట్టాలి. మూడు వారాల్లో పుల్ల చివర ఎర్రటి చిగురు విచ్చుకున్న నాడు ఇంట్లో ఎంత సందడో! ఫోన్లో ఫొటో తీసి హైదరాబాద్‌కూ, డాలస్‌కూ పంపుతారు.

మరుసటి ఏడు వానలకు పెరట్లో నాటుకోవచ్చు. ఎండాకాలంలోనే మూడడుగుల గొయ్యి తవ్వి ఎండనిచ్చి, పైమట్టిలో మాగిన పశువుల ఎరువు కలిపి నింపాలి. అంటు కట్టిన ముడి మట్టికి పైనే ఉండాలి. ముడి కింద నుంచి వచ్చే చిగురును చూసిన వెంటనే గిల్లేయాలి, అది తాతగారి చెట్టు కాదు, కింది టెంక తాలూకు మొక్క. గోడకు పదిహేను ఇరవై అడుగులైనా ఎడం కావాలి. మొదటి మూడేళ్లు పూత వస్తే తుంచెయ్యాలి. ఇదే అన్నిటికన్నా కష్టమైన పని. ఇంటి పెద్దావిడ కళ్లముందు పూత తుంచడానికి చేతులు రావు. తుంచకపోతే చెట్టు ఎదగదు.

అంత జాగా లేని ఇళ్ల మాట? 2020 డిసెంబరు 25న మొదలైన 'పేదలందరికీ ఇళ్లు' పథకంలో పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర స్థలం ఇచ్చారు. సెంటంటే 48 గజాలు. ఇల్లు కట్టాక చిన్నరసం చెట్టుకు చోటెక్కడిది? అక్కడ ఆమ్రపాలి వేసుకోవాలి. దశేరి, నీలం రకాలను కలిపి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ తయారుచేసిన పొట్టి రకం ఇది. ఏటా కాస్తుంది. రెండొందల లీటర్ల డ్రమ్ము సగానికి కోసి, అడుగున రంధ్రాలు పెట్టి, ఎర్రమట్టి, ఎరువు, ఇసుక నింపి డాబా మీద పెంచొచ్చు. బరువు మోసేలా పిల్లరు మీదుగా పెట్టడం మరవకూడదు. కాసేది కొన్ని కాయలే, అవీ ఆ ఇంటి కాయలే.

ఒక్క సంగతి నాకు బాధగా ఉంది, చెప్పకుండా ఉండలేను. ఇక్కడ కొత్త ఇళ్లు లేస్తున్న వెంచర్లలో చాలావరకు మొన్నమొన్నటి దాకా మామిడి తోటలే. ధర గిట్టక కొందరు రైతులు పామాయిల్‌కు మారుతున్నారు, కొందరు రియల్ ఎస్టేట్‌కు ఇచ్చేస్తున్నారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ప్లాటు కొనుక్కునేవాళ్లను మాత్రం అడగాలనుంది. జేసీబీ రాకముందు ఒకసారి వెళ్లి చూడండి, మూల మీద బతికి ఉన్న చెట్టేదైనా ఉంటే ఇంజనీరుతో ప్లానులో దాన్ని గీయించండి, మెట్లో సంపు తొట్టో కాస్త పక్కకు జరిపించండి. నలభై ఏళ్ల నీడ డబ్బిచ్చినా దొరకదు. కొట్టక తప్పకపోతే మొద్దును కట్టెల అడితికి తోలేయకుండా పలకలు కోయించి నీడన ఆరబెట్టండి. మామిడి చెక్కకు పురుగు త్వరగా పడుతుంది కాబట్టి మందు పట్టించి ఇంట్లోనే వాడుకోవాలి. పుస్తకాల అరలకూ, వసారాలో బల్లకూ భేషుగ్గా ఉంటుంది.

ఇక పెరటి చెట్టు ఏ రకమన్నది ప్రతి ఇంట్లోనూ తెగని తగవు. ఇంటాయనకు బంగినపల్లి కావాలి, 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన పండు, కోసి ముక్కలుగా తినొచ్చు. అత్తయ్యకు చిన్నరసమే, నొక్కి జుర్రుకునేదే పండని ఆవిడ పట్టు. పిల్లలకు రెండూ కావాలి. ఆ తగవుకు మందు అంటులోనే ఉంది. కాస్త పెరిగిన చెట్టు కొమ్మలు కోసి, ఒక కొమ్మ మీద ఒక రకం, ఇంకో కొమ్మ మీద ఇంకో రకం కట్టొచ్చు. ఏ కొమ్మ మీద ఏది కట్టారో రేకు ముక్క మీద రాసి వదులుగా తగిలించండి, బిగిస్తే కొమ్మ లావెక్కేకొద్దీ తీగ బెరడును కోసేస్తుంది.