టీ ఇటుకలిస్తే గుర్రమొచ్చేది!

నేను కాలేజీలో చదివే రోజుల్లో మా వీధి కిరాణా కొట్టులో చిల్లర అడిగితే చాలు, సీసాలోంచి రెండు చాక్లెట్లు తీసి చేతిలో పెట్టేవారు. ఒకరోజు ఒళ్లు మండి, కూడబెట్టిన చాక్లెట్లన్నీ పట్టుకెళ్లి "వీటికి ఒక సబ్బు ఇవ్వండి" అన్నాను. కొట్టాయన పకపకా నవ్వాడు గానీ సబ్బు మాత్రం ఇవ్వలేదు. ఆయన ఇస్తే డబ్బు, నేనిస్తే చాక్లెట్టు!

కానీ ఇచ్చినా చెల్లి, పుచ్చుకున్నా చెల్లిన తినుబండారం లాంటి డబ్బు ఒకటి నిజంగానే ఉండేది. అదేమిటో తెలుసా? మనం పొద్దున్నే పొయ్యి మీద పెట్టే టీ! పొడి కాదండోయ్, ఇటుక. టిబెట్, మంగోలియా, సైబీరియా ప్రాంతాల్లో వందల ఏళ్లు, ఇరవయ్యో శతాబ్దం మొదటిదాకా కూడా, టీ ఇటుకలు డబ్బులా చేతులు మారాయి.

ఇటుక ఎందుకయింది?

చైనాలో టీ ఆకుల్ని, ఒక్కోసారి ముదురాకులు, కాడలు కూడా కలిపి, ఆవిరి పట్టి, అచ్చుల్లో గట్టిగా అదిమి ఆరబెట్టేవారు. అలా చేస్తే తక్కువ చోటు పడుతుంది, దూరం మోయడానికి వీలు. తడి తగలకుండా చూసుకుంటే ఏళ్లతరబడి నిలవ ఉంటుంది. కొన్ని రకాలకు వెనకవైపు గీతలుండేవి. చిల్లర కావాలంటే గీత దగ్గర విరిచివ్వడమే!

టిబెట్ ఎత్తయిన చలిప్రదేశం. కూరగాయలు అరుదు. బార్లీ పిండి, మాంసం, వెన్నతో బతికే వాళ్లకు టీ సరదా కాదు, అవసరం. అక్కడి ఇల్లాలు ఇటుకలోంచి ఓ ముక్క విరిచి బాగా మరిగించి, ఆ డికాక్షన్‌ని పొడవాటి కొయ్యగొట్టంలో పోసి, జడలబర్రె వెన్న, ఉప్పు వేసి మనం మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది. ప్రతి ఇంటికీ రోజూ కావలసిన వస్తువు కాబట్టే ఎవరూ కాదనరు. ఎవరూ కాదననిదే కదా డబ్బంటే!

1870ల మొదట్లో మంగోలియాలో తిరిగిన రష్యా యాత్రికుడు ప్రెజెవాల్‌స్కీ అక్కడి ధరలు రాసిపెట్టాడు. గొర్రెకు 12 నుంచి 15 ఇటుకలు, ఒంటెకు 120 నుంచి 150 ఇటుకలు. మనం బజారుకి డబ్బు పర్సులో పెట్టుకెళ్లి సరుకు సంచీలో తెచ్చుకుంటాం. పాపం, వాళ్లు సంచీల్లో మోసుకెళ్లాల్సింది డబ్బునే!

అల్లుడినైనా వదల్లేదు

చైనా రాజులకు యుద్ధాలకు గుర్రాలు కావాలి. మంచి గుర్రాలు టిబెట్ వైపు ఉన్నాయి. వాళ్లకేమో టీ కావాలి. అందుకని 1074లోనే సిచువాన్‌లో టీకి గుర్రాల్ని మార్చుకోవడం కోసం ఒక సర్కారీ కార్యాలయం పెట్టారు. తర్వాత మింగ్ రాజుల కాలంలో, 1389లో రేట్లు కట్టారు. మేలురకం గుర్రానికి 120 జిన్‌ల టీ, అంటే సుమారు 70 కిలోలు. మధ్యరకానికి 70 జిన్‌లు, పిల్ల గుర్రానికి 50.

ప్రైవేటు వర్తకులు దొంగచాటుగా టీ అమ్మితే సర్కారుకి గుర్రం ఖరీదు పెరిగిపోతుంది. అందుకే శిక్షలు దారుణంగా ఉండేవి. 1397లో హోంగ్వూ చక్రవర్తి టీ దొంగరవాణా చేశాడని ఓయాంగ్ లున్ అనే అతనికి మరణశిక్ష వేశాడు. అతనెవరో కాదు, చక్రవర్తి సొంత అల్లుడు! ఆన్‌ఛింగ్ రాకుమారి భర్త. చరిత్రలో ఇది న్యాయానికి నిదర్శనంగా చెబుతారు. చదువుతుంటే నాకు మాత్రం ఆ అమ్మాయే గుర్తొచ్చింది. తండ్రి చేతిలో భర్త పోయాక, ఆవిడ గొంతులో టీ దిగిందో లేదో!

మోసిందెవరు?

యాఆన్ నుంచి కాంగ్‌డింగ్ దాకా కొండదారుల్లో ఈ ఇటుకల్ని మనుషులే వీపు మీద మోశారు. 1908లో విల్సన్ అనే ఇంగ్లీషు వృక్షశాస్త్రవేత్త తీసిన ఫోటోలో ఇద్దరు కూలీలున్నారు. ఒకరి మోత 317 పౌన్లు, రెండోవారిది 298. అంటే 144 కిలోలు, 135 కిలోలు! రోజుకి పది కిలోమీటర్లకు మించి నడవలేకపోయేవారట. మోత దించితే మళ్లీ ఎత్తుకోలేరు కనుక ఇనప పొన్ను వేసిన చేతికర్రని వెనక ఆన్చి, నిలబడే ఊపిరి పీల్చుకునేవారు.

వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. మోసిన ప్రతి కిలో టీకి ఇంటికొచ్చాక కిలో బియ్యం గిట్టేదని ఆ కూలీలు ముసలితనంలో చెప్పుకున్నారు. 1954లో లాసాకి లారీ రోడ్డు పడ్డాక ఆ మోతలు క్రమంగా మాయమయ్యాయి.

అమ్మమ్మ కుంచం

కిలోకి కిలో బియ్యం అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మా అమ్మమ్మ రవికలు కుట్టేది. ఊళ్లో ఎవరి దగ్గరా డబ్బులుండేవి కావు. కోతలయ్యాక రవికల లెక్క చూసి కుంచాలతో వడ్లు కొలిచి పోసేవారు. ఆ వడ్లు అమ్మే మా అమ్మకి పదో తరగతి పరీక్ష ఫీజు కట్టింది.

తాతయ్య పోయాక ఆయన పద్దుల పుస్తకాలు తిరగేశాను. ఎరువులున్నాయి, ఎడ్ల బేరముంది, గుడికిచ్చిన చందా ఉంది. అమ్మమ్మ వడ్లు ఒక్క గింజ కూడా లేవు! "అదేంటమ్మమ్మా?" అంటే, "అవి డబ్బులు కాదుగదే, వడ్లేగా" అంది. టీ ఆకుని డబ్బన్నారు గానీ, ఆవిడ చెమటనాడు వచ్చిన వడ్లని ఎవరూ అనలేదు. చివరికి ఆవిడ కూడా!

ఆ ఇత్తడి కుంచం ఇప్పుడు మా వంటింట్లో ఉంది. అమ్మ చదివింది కాబట్టే నన్ను డిగ్రీ దాకా చదివించింది. అందుకే మొన్నో కొత్త నోటుబుక్కు కొని, మొదటి పేజీలో "అమ్మమ్మ జమ" అని రాశాను. ఎన్ని కుంచాలో అమ్మనడిగి ఒక్కొక్కటే ఎక్కిస్తున్నాను. మీ ఇంట్లోనూ పద్దుకెక్కని వడ్లు ఉండే ఉంటాయి. అడిగి చూడండి, చెప్పేవాళ్లు ఉండగానే!