సూదిమందు ఎక్కడ దిగాలి?

డాక్టరు మాత్రలు రాసిచ్చి ఊరుకుంటే పిఠాపురంలో చాలామందికి తృప్తి ఉండదు. "ఓ సూదయినా పొడవండి బాబూ" అంటారు. సూది పడితేనే వైద్యం జరిగినట్టు లెక్క. జ్వరాల సంగతెలా ఉన్నా, నల్లమందు జాతికి చెందిన నొప్పి మందుల దగ్గర మాత్రం సూది ఎక్కడ దిగిందన్నదే సగం వైద్యం. మార్ఫిన్, ఫెంటానిల్, పెథిడిన్ ఆ జాతివే. ఒకే మార్ఫిన్ నరంలోకి వెళ్తే ఒక తీరు, కండలోకి వెళ్తే ఒక తీరు, వెన్నులోకి వెళ్తే పూర్తిగా వేరే తీరు.

ఈ తేడా మొదట్లో వైద్యులకే తెలియదు. 1853లో ఎడిన్‌బరో డాక్టరు అలెగ్జాండర్ వుడ్ నొప్పి ఉన్నచోటే చర్మం కింద మార్ఫిన్ ఎక్కించాడు. మందు అక్కడే పనిచేస్తుందని ఆయన నమ్మకం. లండన్‌లో చార్లెస్ హంటర్ మాత్రం ఇంకెక్కడ పొడిచినా నొప్పి తగ్గుతోందని చూపించాడు. మందు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతోందన్నమాట. దీనిమీద ఇద్దరూ వైద్య పత్రికల్లో గట్టిగానే వాదులాడుకున్నారు. హంటర్ మాటే నిలబడింది.

హైవే మీద లారీ గుద్ది కాలు విరిగినవాణ్ణి కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రికి తెచ్చారనుకుందాం. అలాంటివారికి సరైన దారి నరం. ఫెంటానిల్ ఒకటి రెండు నిమిషాల్లో అందుకుంటుంది, అరగంట నుంచి గంటలో తగ్గిపోతుంది. మార్ఫిన్ పూర్తిగా పట్టడానికి ఇరవై నిమిషాల దాకా కావచ్చు. అందుకే వైద్యులు మొత్తం ఒక్కసారే ఎక్కించరు. కొద్దికొద్దిగా ఇస్తూ, రోగి ఊపిరి తీసే వేగం చూస్తూ ఆగుతారు. నొప్పి ఎంత త్వరగా తగ్గుతుందో శ్వాస కూడా అంతే త్వరగా మందగించవచ్చు. విరుగుడు మందు నలాక్సోన్ దగ్గర పెట్టుకోవడం అందుకే.

మనవాళ్లకు బాగా అలవాటైన పిర్ర సూది ఇలాంటి వేళ నమ్మదగ్గది కాదు. కండలోంచి మందు రక్తంలోకి చేరడానికి అరగంట నుంచి గంట పట్టొచ్చు, అదీ అందరిలో ఒకేలా కాదు. రక్తం బాగా పోయి బీపీ పడిపోయినవాడికైతే కండకు రక్తమే సరిగా అందదు. మందు అక్కడే నిలిచిపోతుంది. నొప్పి తగ్గలేదని ఇంకో సూది, మరో సూది వేస్తారు. సెలైన్, రక్తం ఎక్కించి బీపీ తేరుకున్నాక నిలిచిన మందంతా ఒక్కసారిగా రక్తంలో కలుస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో గాయపడ్డ సైనికులకు ఇలా జరిగిందని అమెరికన్ మత్తు వైద్యుడు హెన్రీ బీచర్ 1944లోనే రాశాడు.

వెన్ను దారి అన్నిటికంటే విచిత్రం. నోటి ద్వారా 300 మిల్లీగ్రాముల మార్ఫిన్ చేసే పనికి నరంలో 100, వెన్నుపాము పొరల వెలుపల 10, వెన్ను ద్రవంలో నేరుగా అయితే 1 చాలునని వైద్యులు ఉజ్జాయింపుగా లెక్క వేస్తారు. మందు నొప్పి కబురు మెదడుకెళ్లే దారిలోనే కూర్చుంటుంది మరి. మనుషులకు ఇలా మార్ఫిన్ ఇచ్చిన తొలి నివేదికలు 1979లో వచ్చాయి. ఇప్పుడు సిజేరియన్‌కు నడుముకి మత్తు ఇచ్చేటప్పుడు చాలాచోట్ల మిల్లీగ్రాములో పదో వంతు మార్ఫిన్ కలుపుతారు. తల్లికి దాదాపు ఒక రోజంతా ఉపశమనం ఉంటుంది. దురద పెట్టడం మామూలే. మార్ఫిన్ కొవ్వులో అంతగా కరగదు కాబట్టి వెన్ను ద్రవంలో మెల్లగా పైకి పాకుతుంది. ఊపిరి గంటల తర్వాత కూడా మందగించవచ్చు. ఆపరేషను అయిన రాత్రి నర్సు మాటిమాటికీ వచ్చి చూసి వెళ్లేది అందుకే. నిద్ర చెడగొడుతోందని విసుక్కోవద్దు.

చివరి దశ క్యాన్సర్ రోగికి వీటిలో ఏదీ మొదటి దారి కాదు. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది నోటి మందే, అదీ నొప్పి వచ్చినప్పుడు కాకుండా గడియారం ప్రకారం. మింగిన మార్ఫిన్‌లో సుమారు మూడో వంతే రక్తానికి చేరుతుంది. అంచేత 30 మిల్లీగ్రాముల మాత్ర 10 మిల్లీగ్రాముల సూదికి సాటి. మాత్రంటే బలహీనమనుకోవడం పొరపాటు. మింగలేని స్థితి వస్తే పొట్టమీదో భుజంమీదో చర్మం కింద సన్నని సూది అమర్చి, ప్లాస్టరు అంటించి, దాంట్లోంచే మందిస్తారు. నరం వెతకనక్కర్లేదు. నేర్పిస్తే ఇంట్లోవాళ్లు కూడా ఇవ్వగలరు. తెలుగువారిలో ఈ దారి సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి నివారణ వైద్యం ఏళ్లుగా సాగుతోంది. మిగతాచోట్ల మార్ఫిన్ దొరక్కపోవడానికి 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఒక పెద్ద కారణం. పలు లైసెన్సుల గొడవకు భయపడి ఆసుపత్రులు దాని జోలికే పోలేదు. 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. తర్వాత మార్ఫిన్, ఫెంటానిల్ సహా ఆరు మందులను అత్యవసర జాబితాలో చేర్చారు. గుర్తింపు పొందిన ఆసుపత్రి వాటిని విడివిడి లైసెన్సులు లేకుండా ఉంచుకోవచ్చు. పిఠాపురంలో క్యాన్సర్ రోగి ఉన్న ఇంటివాళ్లు కాకినాడలోనో రాజమండ్రిలోనో డాక్టర్ని అడగాల్సింది ఇదే: మీ ఆసుపత్రికి ఆ గుర్తింపు ఉందా, మార్ఫిన్ మాత్రలు దొరుకుతాయా, దాంతోపాటు విరేచనం సాఫీగా అవడానికి మందు రాశారా, మనిషి లేపినా లేవనంత మగతగా ఉంటే అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి?